కుంటాల దిగుడు

ఈ శ్రావణంలో మా హనుమకొండ ఇంటి సంపు కడిగించాము. వానలు మొదలై నల్లా నీళ్లు ఎర్రబారి వచ్చే రోజుల్లో ఏడాదికొకసారి ఆ పని తప్పదు. పనికి వచ్చిన ఇద్దరు యువకులు ఇనుప మూత పక్కకు జరిపి, మోటారుతో నీళ్లు తోడించి, అడుగున మిగిలిన బురదను బకెట్లతో పైకి అందిస్తుండగా నేను గట్టున కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపలి గోడకు పట్టిన పాకురును ఒకతను కొబ్బరిపీచుతో రుద్దగానే ఒక వాసన పైకి వచ్చింది. ఎండ సోకని రాతిమీద నీళ్లు ఏళ్ల తరబడి కారితే పట్టే నాచు వాసన అది. చల్లగా, కొంత ఇనుములా, కొంత చేపలా ఉంటుంది. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, నా కాలివేళ్లు చెప్పుల్లోనే ముడుచుకున్నాయి. జ్ఞాపకం మనసుకన్నా ముందు అరికాళ్లకు రావడం విచిత్రమే గాని, మెట్లు లేని రోజుల్లో కుంటాల జలపాతానికి దిగడం నేర్చిన కాళ్లు అవి. వాటికి మరుపు తక్కువ.

మా బాపు తెలుగు పండితుడు, జనగామ పక్క పల్లెటూరి మనిషి. ఆ కాలంలో వరంగల్ జిల్లా ఉద్యోగికి ఆదిలాబాద్ బదిలీ అంటే ఇల్లంతా దిగాలుపడేది. ‘అడవికి ఏసిండ్రట’ అంటూ చుట్టాలు పరామర్శకు వచ్చినట్టు వచ్చి, అక్కడి నీళ్లు పడవని, చలిజ్వరం తప్పదని, పొద్దుగూకినాక పిల్లల్ని గడప దాటనివ్వవద్దని హెచ్చరించి, మా అమ్మ పోసిన చాయ తాగి వెళ్లిపోయారు. బాపు మాత్రం ట్రంకుపెట్టెలో బట్టలకన్నా పుస్తకాలే ఎక్కువ సర్దుకున్నాడు.

కరీంనగర్, నిర్మల్ మీదుగా రోజంతా సాగిన ఆ బస్సు ప్రయాణంలో నాకు గుర్తున్నది నిర్మల్ దాటిన తరువాతి ఘాటు ఒక్కటే. బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే కిటికీలోంచి చేయి చాపితే టేకు ఆకులు తగిలేవి. అప్పుడది ఏడో నంబరు జాతీయ రహదారి. ఇప్పుడు 44 అంటున్నారు. నేరడిగొండ దగ్గర ఆ రోడ్డు వదిలిపెట్టి లోపలికి తిరిగితే కుంటాల 12 కిలోమీటర్లు. మా బాపు బడి ఉన్న ఊరు ఆ దారిలోనే, జలపాతానికి దగ్గరగా ఉండేది.

గూనపెంకుల ఇంట్లో దిగిన మొదటి రాత్రే మా అమ్మ రెండుసార్లు లేచి దండెం మీది బట్టలు తీసి లోపల వేసింది. దూరాన వాన పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది గాని చినుకు రాలలేదు. మరునాడు పక్కింటి ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, ‘అది వాన గాదు పంతులమ్మా, కుంటాల’ అన్నది. పగలు పశువుల మెడగంటలు, పిల్లల అరుపులు, రోకటి పోట్లు ఆ చప్పుడును మింగేసేవి. ఊరు సద్దుమణిగి, గాలి అటునుంచి వీచిన రాత్రుల్లో మాత్రం అది మంచం దాకా వచ్చేది. వానాకాలంలో అది గుమ్మంలో నిలబడి ఎవరో ఎడతెగకుండా మాట్లాడుతున్నట్టు ఉండేది. మాఘం వచ్చేసరికి గొంతు తగ్గేది. ఎండాకాలంలో చెవి రిక్కిస్తే గాని అందేది కాదు. క్యాలెండరు చూడకుండానే మా అమ్మ నెల చెప్పగలిగే స్థితికి వచ్చింది.

*

బడి చప్రాసిని మేమంతా దాదా అని పిలిచేవాళ్లం. గోండులలో పెద్దవాడిని అలా పిలుస్తారు. ఆ పక్క ఊళ్లలో తెలుగువారూ అదే పిలుపు అందుకున్నారు. పొట్టిగా, వంచిన వెదురులా ఉండేవాడు. ఎదురుపడితే నమస్తేకు బదులు ‘రాం రాం’ అనేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, కాని హాజరు పట్టీలో సంతకం నాగరి లిపిలో ముత్యాల్లా పెట్టేవాడు. దాని వెనక ఒక కథ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను కాల్చి చంపిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను తెలుసుకోవడానికి హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను నియమించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, గోండు పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించే ఏర్పాటు చేయించాడు. ఆ గోండి వాచకాలను నాగరి అక్షరాల్లో అచ్చువేశారు. అటువంటి బడిలో దాదా రెండేళ్లు చదివాడు. పద్యాలు, వ్యాకరణం చెప్పే బాపు ఆయన దగ్గర కూర్చుని గోండి మాటలు రాసుకునేవాడు. ఒకరికి రాని చదువు మరొకరి దగ్గర ఉందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. వాళ్ల స్నేహం అందువల్లనే అంత కాలం నిలిచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

కుంటాల అన్న పేరు మీద వాళ్లిద్దరికీ తెగని వాదం ఉండేది. శకుంతల పేరే వాడుకలో కుంటాల అయిందని, దుష్యంతుడు ఈ అడవికే వచ్చి ఉంటాడని బాపు కాళిదాసును వెంటేసుకుని చెప్పేవాడు. దాదా ఓపికగా అంతా విని, ‘కుంట అంటే కుంటనే గద సారూ. మీ మాటల అంతే, మా మాటల అంతే. కుంటలు శానున్నయ్, అందుకే కుంటాల’ అనేవాడు. తెలుగు పండితుడికి తెలుగు మాటే అడ్డం తిరగడంతో బాపు కాసేపు బీడీ వెలిగించుకుని ఊరుకునేవాడు.

*

నేను మొదటిసారి దిగింది దసరా సెలవుల్లో. వానలు వెనుకబట్టి, నీళ్లు ఎరుపు తగ్గి తెల్లబడే రోజులవి. జొన్నరొట్టెలు, పల్లికారం, ఉల్లిగడ్డలు గుడ్డలో మూటగట్టి, ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు పోసుకుని పొద్దున్నే బయలుదేరాము. దారిలో లేత టేకు ఆకును అరచేతుల మధ్య నలిపితే చెయ్యి నెత్తురు పూసినట్టు ఎర్రబడుతుందని దాదా చూపించాడు. నేను ఆ చేతిని నుదుటికి రాసుకుని ‘బాపూ, పడ్డా’ అని అరిచాను. బాపు పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, నెత్తిమీద ఒకటి వేశాడు. కుంటాల దారిలో తిన్న మొదటి దెబ్బ అది.

కుంటాలను చూడబోయేవాడు ముందు పైభాగానికి చేరుకుంటాడు. అడవి చదునుగా వచ్చి వచ్చి, ఒక్కచోట నేల తెగిపోతుంది. కడెం వాగు అంతదాకా మామూలు వాగులాగే పారి, అక్కడి బండల మీద మలుపులు తిరిగి, అంచెలంచెలుగా లోయలోకి దూకుతుంది. ఎత్తు 45 మీటర్లని తరువాత పుస్తకాల్లో చదివాను. అంచున నిలబడిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి మీటర్లు తెలియవు. నీళ్లు తన కాళ్ల కిందినుంచే వెళ్లిపోయి మళ్లీ కనిపించకుండా పోవడం ఒక్కటే తెలుస్తుంది. కింద ఏముందో చూడాలంటే పక్కన ఉన్న నిట్టనిలువు గుట్ట చరియ పట్టుకుని దిగాలి. మెట్లు లేవు, కమ్మీ లేదు. పశువుల కాపరులు, తేనె తీసేవాళ్లు, శివరాత్రి మొక్కులవాళ్లు తొక్కగా పడిన గీతలాంటి బాట ఒకటి ఉండేది. అది కూడా వాన పడితే చెరిగిపోయేది.

ఆ బాట మొదట్లో ఒక పెద్ద ఇప్పచెట్టు ఉండేది. దాని దగ్గర దాదా ఆగి, తన చెప్పులు విప్పి, మా చెప్పులు కూడా విప్పించి, అన్నింటినీ తాడుతో కట్టి నడుముకు వేలాడదీసుకున్నాడు. బాపువి తోలు చెప్పులు, నావి హవాయి చెప్పులు, రెండూ జారేవే. తరువాత ఆయన చేసిన పని నాకు అర్థం కాలేదు. లోయకు వీపు పెట్టి, గుట్టవైపు ముఖం తిప్పి, నిచ్చెన దిగుతున్నట్టు వెనక్కి మొదటి అడుగు వేశాడు.

‘లోయకు ఎన్ను జూపు పోరగా, మొకం జూపకు. మూడు ఆనాలె, ఒకటే కదలాలె. ముందుగాల కాలుతోని అడుగు, అది ఊఁ అన్నంక బరువెయ్యి.’

రెండు చేతులు, రెండు కాళ్లు. వాటిలో మూడు ఎప్పుడూ పట్టు వదలకూడదు. ఏడు పదుల వయసుకు దగ్గరవుతున్నా, బాత్రూంలో తడి గచ్చు మీద నడిచేటప్పుడు కూడా నాకు ఆ మాటే గుర్తుకు వస్తుంది.

దిగుడులో మూడు భాగాలు ఉండేవి. మొదటిది మొరం నేల, దానిమీద ఎండుటేకు ఆకులు. చూడడానికి సులువైన చోటే గాని, అందరూ పడేది అక్కడే. టేకు ఆకు విస్తరంత వెడల్పు. కింద ఏముందో చూడనివ్వదు, అడుగు వేస్తే పళ్లెంలా జారిపోతుంది. దాదా పాదంతో ఆకులను ఇటూ అటూ చిమ్మి నేల కనిపించాకే అడుగు పెట్టేవాడు. రెండోది వేర్లు. చరియ పగుళ్లలోంచి చెట్ల వేళ్లు తాళ్లలా బయటికి వచ్చి, ఎందరో పట్టుకోవడం వల్ల నున్నబడి, కొన్ని చోట్ల పాత ఇంటి గడపలా మెరిసేవి. ఏ వేరు పట్టుకోవాలో ఆ మెరుపే చెప్పేది. మసకగా ఉన్న వేరును ఎవరూ పట్టుకోలేదంటే దానికేదో కారణం ఉంటుందని దాదా లెక్క. మూడోది బండలు. అవి ఇంటింత ఉండేవి. వాటి మధ్య సందుల్లో కూర్చుని, జారి, కాళ్లు తగిలేదాకా నమ్మకంతో వదలవలసి వచ్చేది.

దిగేటప్పుడు ముఖం గుట్టవైపే కాబట్టి జలపాతం కనిపించదు. ఇది నాకు ఇప్పటికీ అన్నిటికన్నా గొప్ప సంగతిగా తోస్తుంది. నా కళ్లకు జానెడు దూరంలో రాయి, దాని పగుళ్లలో చీమల బారు, చెమ్మకు మొలిచిన సన్నని చెట్లు మాత్రమే ఉండేవి. జలపాతం చెవుల్లోంచి, వీపులోంచి వచ్చేది. మొదట హోరు, తరువాత దాదా మాట వినిపించనంత హోరు, తరువాత రాతిమీద పెట్టిన అరచేతిలో సన్నని వణుకు, ఆ తరువాత చొక్కా వెనక భాగం తుంపరకు తడిసి చల్లబడడం. సగం దారిలో గాలి మారి ఆ నాచు వాసన ముఖానికి కొట్టింది. పాదాలు నేలకు ఆనినాక దాదా భుజం తట్టి తిరగమన్నాడు. తిరిగాను.

తెల్లటి నీళ్లు కొండంత ఎత్తునుంచి పడుతున్నాయని రాస్తే అది ఎవరైనా రాసేదే. నేను చూసింది అది కాదు. నేను చూసింది బాపును. బడిలో ఆయన గొంతు ఊరి చివరి చింతచెట్టు దాకా వినిపించేది. ఆ రోజు ఆయన నోరు తెరిచి ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి, ఒక్క అక్షరం వినబడలేదు. ఏదో పద్యమై ఉంటుంది. చివరికి ఆయనే ఊరుకుని, ఒక బండమీద అరచెయ్యి ఆనించి, నాడి చూసే వైద్యుడిలా చాలాసేపు నిలబడ్డాడు.

*

కింద ఇసుక లేదు, మట్టి లేదు. అంతా బండలే. నీళ్లు పడేచోట లోతైన గుండం, దాని చుట్టూ వరద తెచ్చి పడేసిన గుండ్లు, వాటి నడుమ చిన్న చిన్న కుంటలు. ఎదుటి చరియకు నల్లని అట్టల్లాంటి తేనెపట్టులు వేలాడుతుండేవి. గాలి తిరిగినప్పుడు అవి ఒక్కసారిగా అలలా కదిలేవి. మేము మాటలు మానేసి సైగలతోనే అన్నం తిన్నాము. ఉల్లిగడ్డ కావాలంటే పిడికిలి, నీళ్లు కావాలంటే బొటనవేలు. ఇంటికి వచ్చాక కూడా రెండు రోజులు మా అమ్మతో సైగలే చేశానని ఆమె నవ్వేది.

బండల్లో రోళ్లలాంటి గుంతలు ఉన్నాయి. ఎవరో ఉలితో తొలిచినట్టు గుండ్రంగా, నున్నగా, కొన్ని మోకాలి లోతు, కొన్ని మోచేతి లోతు. దేవతలు పసుపు దంచుకున్న రోళ్లని మాతో వచ్చిన పిల్లలు చెప్పేవారు. బాపు నన్ను ఒకదాని పక్కన కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్లలో చెయ్యి ముంచి, అడుగునుంచి ఒక రాయి తీశాడు. కోడిగుడ్డుకన్నా కాస్త పెద్దది, ఎక్కడా మొన లేదు. వరద వచ్చినప్పుడు సుడి ఆ రాయిని గుంతలో గిరగిరా తిప్పుతుందని, రాయి బండను అరగదీస్తుందని, బండ రాయిని నునుపు చేస్తుందని, అలా తిరగగా తిరగగా రోలు తయారవుతుందని సైగలతో చెప్పడానికి ఆయన పడిన కష్టం నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. చేయి గిరగిరా తిప్పి, వేళ్లతో ఏళ్లు లెక్కపెట్టి, వేళ్లు చాలక ఆకాశం వైపు చూపించాడు. ఆ రాయి ఇంటికి వచ్చింది. మా అమ్మ ఇరవై ఏళ్లకు పైగా దానితోనే అల్లం, ఎల్లిగడ్డ దంచింది.

ఆ నీటి బలం మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు. కడెం వాగు బజార్‌హత్నూర్ వైపు పుట్టి, కుంటాలలో దూకి, కడెం జలాశయం చేరి, ఆపైన గోదావరిలో కలుస్తుంది. 1958లో ఆ వాగుకే వరద వచ్చి, కొత్తగా కట్టిన కడెం ప్రాజెక్టు కట్ట తెగింది. దాదా ఆ ఏడు పడుచువాడు. వాగు కుంటాలలో మూడు దూకులుగా కాక ఒకే గోడలా పడిందని, ఆ రాత్రి ఊళ్లో ఎవరూ పడుకోలేదని చెప్పేవాడు. 2022 జూలైలో అదే ప్రాజెక్టుకు మళ్లీ అంత వరద వచ్చి, కట్ట నిలుస్తుందా లేదా అని రాష్ట్రమంతా చూస్తున్నప్పుడు, హనుమకొండలో టీవీ ముందు కూర్చున్న నాకు వినిపించింది దాదా గొంతే.

*

మా అమ్మ ఒకే ఒక్కసారి దిగింది, అదీ శివరాత్రికి. కుంటాల బండల నడుమ సోమేశ్వరుడు ఉన్నాడు. ఆ ఒక్క రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ చరియ మీదే ఉండేవి. నా చలిజ్వరం తగ్గితే కొబ్బరికాయ కొడతానని ఆమె మొక్కుకుంది. చీర గోచి పోసి, ఉపవాసంతో, కొబ్బరికాయ సంచి భుజానికి తగిలించుకుని బయలుదేరింది. లోయకు వెన్ను చూపమని దాదా ఎంత చెప్పినా వినలేదు. ఎటు పోతున్నానో చూడకుండా ఎట్లా పోవాలన్నది ఆమె ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే. ఇప్పచెట్టు దాటి పది అడుగులు వేసిందో లేదో, టేకు ఆకు మీద కాలు జారి కూలబడింది. ఆమెకేమీ కాలేదు గాని సంచిలోంచి కొబ్బరికాయ దొర్లి, ఒక బండ మీద ఎగిరి, ఇంకో బండ మీద ఎగిరి, అందరూ చూస్తుండగానే కింద ఎక్కడో పటేలుమని పగిలింది.

ఒక్క క్షణం అందరూ నిశ్శబ్దమైపోయారు. దాదా కిందికి తొంగి చూసి, తల ఊపి, ‘సోమన్న అందుకున్నడు పంతులమ్మా. ఇగ మీరు ఇంటికి పోవచ్చు’ అన్నాడు. చరియ మీద ఉన్న జనమంతా నవ్వారు. మా అమ్మ కూడా కూర్చున్నచోటే నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. కాని వెనక్కి పోలేదు. ఆ తరువాత గుట్టవైపు తిరిగి, మూడు ఆనించి ఒకటి కదుపుతూ, అడుగు అడుగుకూ ‘శివా’ అనుకుంటూ కిందిదాకా వచ్చింది. పగిలిన చిప్పల్లో ఒకటి వెతికి తెచ్చి దేవుడి ముందు పెట్టింది.

*

రెండో దెబ్బ కుంటాలలోనే తిన్నాను, ఇంకో ఏడాది. వెనుక వానలు ఎక్కువగా పడిన ఏడు. పెద్దవాళ్లు మాటల్లో ఉండగా గుండం ఒడ్డున ఒక ఏటవాలు బండ మీద నడవబోయాను. పైకి పొడిగానే ఉంది. సన్నని పాకురు పొర ఉన్నట్టు అడుగు వేసే దాకా తెలియలేదు. పడలేదు, పడి ఉంటే ఏదైనా పట్టుకునేవాడిని. నిలబడిన మనిషిని నిలబడినట్టే, చప్పుడు లేకుండా, తొందర లేకుండా ఆ బండ నన్ను నీళ్లవైపు తీసుకుపోయింది. అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. కాలి మడమలకు నీళ్లు తగిలిన సమయానికి జుట్టు పట్టుకుని ఎవరో వెనక్కి గుంజారు.

దాదా కొట్టిన దెబ్బకు చెంప మీద వేళ్లు మూడు రోజులు కనిపించాయి. పిల్లల్ని ఎన్నడూ ‘ఏయ్’ అని కూడా అనని మనిషి. ఇద్దరం బండకు చేరగిలబడ్డాక, నన్ను గుండం దగ్గరికి తీసుకుపోయి, ఒక ఎండుకొమ్మను నీళ్లలో వేశాడు. అది పైన మెల్లగా, ఆడుకుంటున్నట్టు తేలుతూ పోయి, మధ్యకు చేరి, నిలువుగా నిలబడి, మునిగిపోయింది. మళ్లీ తేలలేదు. మేము చూస్తూనే ఉన్నాము. చెవి దగ్గర నోరు పెట్టి ఆయన అన్నాడు: ‘పైన నవ్వుతది. కింద గుంజుతది.’

ఆ సంగతి ఇంట్లో చెప్పవద్దని బాపు, దాదా, నేను ఒక ఒప్పందానికి వచ్చాము. మా అమ్మ చనిపోయేదాకా ఆమెకు తెలియదు.

తిరిగి ఎక్కడం గురించి చెప్పేది పెద్దగా లేదు. దిగిన ప్రతి అడుగునూ ఊపిరితో కొనుక్కోవాలి, అంతే. ఒకసారి ఆలస్యమై, బ్యాటరీ లైటులో మసాలా అయిపోయి, చీకటిలోనే ఊరు చేరాము. దీపావళికి ముందు రోజులు. ఎక్కడో గూడెంలో గోండుల దండారి ఆటల డప్పులు మోగుతున్నాయి. దాదా నడకలోనే ఆ దరువుకు అడుగు కలిపాడు. నెమలి ఈకల టోపీ పెట్టుకుని గుస్సాడిగా ఆడిన కాళ్లు ఆయనవి. కొండచరియ మీద ఆ పాదాలు అంత ఒద్దికగా ఎలా నడిచాయో ఆ రాత్రి నాకు కాస్త తెలిసింది.

*

మళ్లీ బదిలీ అయి వరంగల్ వచ్చేశాము. కుంటాల దగ్గర ఏడేళ్లున్నాము. తరువాత నా చదువు, ఉద్యోగం, పెళ్లి. మా వైపు జనానికి కుంటాల దూరం. వాజేడు వైపు ఉన్న బొగత జలపాతం దగ్గర. స్నేహితులతో బొగతకు చాలాసార్లు వెళ్లాను. వెడల్పైన జలపాతం, చల్లని చోటు, కాదనను. కాని బొగతకు నడిచి వెళ్తాము, ఎదురుగా చూస్తాము. వెన్ను చూపి దిగే పని లేదు. నా మనసు అక్కడ నిలవకపోవడానికి బొగత తప్పేమీ లేదు.

బాపు చివరి అయిదేళ్లు మా హనుమకొండ ఇంట్లోనే, పై అంతస్తులో ఉన్నాడు. పద్యాలు మరిచిపోయాడు, పేర్లు మరిచిపోయాడు, ఒక్కోసారి నన్ను ‘సారూ’ అని పిలిచేవాడు. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆగి, వెనక్కి తిరిగి, గోడకు ముఖం పెట్టి, రెండు చేతులూ ఆనించి, కాలితో మెట్టును తడిమి చూసుకుని ఒక్కో అడుగు కిందికి వేసేవాడు. మా ఇంటికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి అలా దిగకూడదని, ముందుకు చూస్తూ కమ్మీ పట్టుకోవాలని ఎన్నోసార్లు చెప్పింది. ‘ఎవరు నేర్పిండ్రు తాతా మీకిట్ల?’ అని అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. నా భార్య, పిల్లలు ఆ దిగుడు చూసి చాటుగా నవ్వుకునేవారు. నేను మాత్రం మెట్ల కింద నిలబడి, మూడు ఆనుతున్నాయా లేదా అని చూసేవాడిని. అయిదేళ్లలో ఆయన ఒక్కసారి కూడా పడలేదు.

*

సంపు కడిగించిన రోజు వాసన సంగతి చెబితే నా భార్య, ‘ఒకసారి పోయి చూసిరారాదు’ అన్నది. దసరాకు మా అబ్బాయి హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. ఇద్దరం బయలుదేరాము. 2016లో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. నిర్మల్ ఇప్పుడు వేరే జిల్లా. మేము రోజంతా మూలుగుతూ చేసిన ప్రయాణం మధ్యాహ్నానికే అయిపోయింది. ఊళ్లో మా గూనపెంకుల ఇల్లు లేదు, స్లాబు ఇల్లు ఉంది. దాదా గురించి అడిగితే, పోయి చాలా ఏళ్లయిందని, కొడుకులు ఉట్నూరు వైపు వెళ్లారని కిరాణా దుకాణంలో చెప్పారు. ఆయనను ఏ చెట్టు కింద పెట్టారో అడగాలనిపించింది. అడగలేదు.

జలపాతం పైన ఇప్పుడు కార్లు ఆగే స్థలం ఉంది. మక్కకంకులు కాలుస్తున్నారు, కోతులు వాటికోసం కాపు కాస్తున్నాయి. లోయలోకి సిమెంటు మెట్లు, పక్కన కమ్మీ. అదేమీ తప్పు కాదు. మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లు, చంకన పిల్లలున్న తల్లులు కిందికి పోయి చూస్తున్నారు, మా అమ్మకు ఆ మెట్లు ఉంటే ఆ కొబ్బరికాయ పగిలేది కాదు. కాని గుండం ఒడ్డున ప్రమాద హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, వాటిని ఆనుకుని నిలబడి ఫోన్లలో ఫొటోలు దిగుతున్న పిల్లలూ ఉన్నారు. ఆ నీళ్లలో పోయిన ప్రాణాల వార్తలు పేపర్లో చాలాసార్లు చదివాను. మెట్లు మనిషిని నీటిదాకా తేలికగా దించుతాయి. ఆ నీటి గుణం మాత్రం మెట్లకు తెలియదు.

మా అబ్బాయి కంకులు కొంటుండగా నేను మెట్లు వదిలి కుడివైపు నడిచాను. ఇప్పచెట్టు ఉంది. ఒక పక్క ఎండిపోయింది, ఇంకో పక్క పచ్చగా ఉంది. దాని కింద పొదలు తప్పించి చూస్తే, బాట పూర్తిగా పూడిపోయినా మొదటి వేరు కనిపించింది. మసకగా, మట్టి పట్టి ఉంది. చాలా ఏళ్లుగా ఎవరూ పట్టుకోలేదు. చెప్పులు విప్పి, గుట్టవైపు తిరిగి, ఒక కాలు కిందికి జార్చి ఆకుల్ని చిమ్మాను. నేల తగిలింది. రెండో కాలు వేశాను. మూడో అడుగు వేయబోతుంటే ఈల వినిపించింది.

ఖాకీ చొక్కా వేసుకున్న యువకుడు ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ‘ఎటు సార్ పోతున్రు? అటు తొవ్వ లేదు.’

‘ఉండేది’ అన్నాను.

‘మా తాత గూడ గట్లనే అంటుండె’ అని చేయి అందించి పైకి లాగాడు. నా ఎర్రమట్టి పాదాలు చూసి, చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు.

నేనూ మా అబ్బాయీ మెట్ల మీదినుంచే దిగాము. ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామన్నాడు వాడు. ఇద్దరం బయటికి వినిపించేలా అంకెలు చెబుతూ దిగుతున్నాము. ఒక మలుపు తిరిగేసరికి హోరు అందుకుంది. వాడి పెదవులు కదులుతున్నాయి గాని అంకె వినబడలేదు. నేను కమ్మీ మీద చెయ్యి పెట్టాను. ఇనుము సన్నగా వణుకుతున్నది. లెక్క అక్కడే తప్పింది.